బోడీలో ఇనుప రోకళ్లు

సభకు నమస్కారం. పాత యంత్రాలను విప్పి, అవి ఎలా పనిచేసేవో తెలుసుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న ఇష్టం. ఆ ఇష్టమే నన్ను ఎడారుల్లో జనం వదిలేసిన గని ఊళ్లకు తీసుకుపోయింది. ఈ రోజు వాటిలో ఒక్క ఊరి గురించి, ఆ ఊళ్లోని ఒక్క మిల్లు గురించి మాత్రమే మాట్లాడతాను.

కాలిఫోర్నియా తూర్పు అంచున, 8,000 అడుగులకు పైబడిన ఎత్తులో, పొదలు తప్ప చెట్టన్నది కనబడని పొడినేల మీద ఉంది బోడీ. 1859లో అక్కడ బంగారం జాడ పట్టిన డబ్ల్యూ. ఎస్. బోడీ ఆ చలికాలంలోనే మంచు తుపానులో చిక్కి చనిపోయాడు. తన పేరు పెట్టుకున్న ఊరిని అతడు చూడనే లేదు. 1870ల నడిమిన గనిలో కొంత భాగం కూలి, బంగారం దండిగా ఉన్న రాయి బయటపడ్డాక జనం వేలల్లో వచ్చిపడ్డారు. రాయి తరిగాక అంతే వేగంగా వెళ్లిపోయారు. 1932లో అగ్నిప్రమాదం ఊరిని చాలావరకు కాల్చేసింది. 1942లో యుద్ధకాలపు ఉత్తర్వు మిగిలిన గని పనిని ఆపేసింది.

నన్ను కట్టిపడేసింది అక్కడి స్టాండర్డ్ మిల్లు. దానిలోని యంత్రాన్ని ఇంగ్లీషులో స్టాంప్ మిల్లు అంటారు గానీ, వడ్లు దంచడం చూసిన మనకు అవి రోకళ్లే. తిరిగే ఇరుసుకు బిగించిన వంపు ఇనుములు ఒక్కొక్క రోకలినీ పైకెత్తి వదిలేస్తాయి. అది తన బరువుతోనే పడి రాతిని పిండి చేస్తుంది. ఎత్తేటప్పుడు ఆ వంపు ఇనుము రోకలి చుట్టూ బిగించిన ఇనుప పట్టీని ఒక పక్కనే ఒరుసుకోవడం వల్ల రోకలి ప్రతిసారీ కాస్త తిరుగుతుంది, అందుకే దాని అడుగు ఒకవైపే అరిగిపోకుండా అన్నివైపులా సమంగా అరుగుతుంది. ఈ ఉపాయం మొదట ఎవరికి తోచిందో గానీ, వారికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నలిగిన రాయి నీళ్లతో కలిసి పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారేది. బంగారం పాదరసాన్ని పట్టుకుని రేకు మీదే నిలిచిపోయేది.

ఇంతటి యంత్రాన్ని నడపడానికి ఆవిరి కావాలి, ఆవిరికి కట్టెలు కావాలి, బోడీలో కట్టెలు లేవు. 1881లో మోనో సరస్సు దక్షిణాన ఉన్న అడవుల నుంచి 32 మైళ్ల రైలు మార్గం వేసింది ఇందుకే. ఆ ఖర్చు భరించలేకే 1890ల ఆరంభంలో 13 మైళ్ల దూరంలోని గ్రీన్ క్రీక్ నీటి నుంచి కరెంటు తెచ్చి రోకళ్లను నడిపారు. అంత దూరం కరెంటు పంపడం అప్పటికి దాదాపు కొత్త. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన మన తెలుగు కార్మికులు చెమటోడ్చిన కోలార్ బంగారు గనులకు శివనసముద్రం జలపాతం కరెంటు అందింది దాదాపు పదేళ్ల తర్వాత, 1902లో.

కాబట్టి ఆ మిల్లును విప్పి ఏ నగరపు మ్యూజియంలోనో నిలబెడితే మనకు ఇనుము దక్కుతుందే తప్ప, చెట్టులేని కొండ, రైలు కట్ట, కరెంటు తీగ దారి చెప్పే కారణాలు దక్కవు. 1962లో బోడీ రాష్ట్ర చారిత్రక ఉద్యానవనమైనప్పటి నుంచి అక్కడి వారు కప్పులు, కిటికీలు, పునాదులు పడిపోకుండా కాపాడుతున్నారే గానీ కొత్త మెరుగులు దిద్దడం లేదు. నా దృష్టిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

ఇక్కడున్న యువకులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మూతపడిన సొరంగంలోకి ఎంత అనుభవమున్నా వెళ్లవద్దు. ఆసరా దుంగలు పుచ్చి ఉంటాయి, లోపలి గాలిలో ప్రాణవాయువు చాలకపోవచ్చు, చీకట్లో కాలి కిందే నిలువు గొయ్యి ఉండవచ్చు.

బోడీ నుంచి ఇనుప మేకునో, సీసా ముక్కనో తీసుకుపోయినవారు కీడు తగిలిందని భయపడి, క్షమాపణ ఉత్తరంతో వాటిని తిరిగి పంపడం మామూలే. వస్తువు తిరిగొస్తుంది, కానీ అది ఏ గుమ్మం పక్కన, ఏ యంత్రం కింద పడి ఉండేదో ఆ ఉత్తరంలో లేకపోతే దాన్ని మళ్లీ ఎక్కడ పెట్టాలి?