పిలిస్తే పలకాలి గదా

(జులై 6న ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుక్కలకి రేబీస్ టీకాల క్యాంపు అయ్యాక మాట్లాడింది)

అందరికీ నమస్కారమండీ. కుర్చీలు సరిపోయినట్టు లేవు, వెనకాల నించున్నవాళ్ళు ఆ స్కూటీల మీద కూర్చోండి పర్లేదు, ఓనర్లు ఇక్కడే ఉన్నారు గదా ఏమీ అనరు. మైకు వినబడుతోందా? సరే.

నన్ను రేబీస్ గురించి రెండు ముక్కలు చెప్పమని పిలిచారు. అది డాక్టరు గారు ఇందాకే చెప్పేశారు, 1885లో ఇదే జులై 6న పాశ్చర్ గారు పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లాడికి మొదటిసారి టీకా మొదలుపెట్టారు కాబట్టి ఏటా ఈ రోజున మనం క్యాంపులు పెట్టుకుంటాం అని. ఇంక నాకు మిగిలిందేం లేదు. అందుకని నాకు బాగా తెలిసిన ఒక్క విషయం మాట్లాడతాను. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా ముప్ఫయ్యేళ్ళు పైనే చేశానండి, అందులో సగం కాలం టీకా కార్డులు రాయడమే సరిపోయింది. కార్డు మీద ఓనరు పేరు, ఊరు, జాతి, వయసు, ఇవన్నీ టకటకా అయిపోతాయి. "పేరు" అన్న గడి దగ్గర బండి ఆగుతుంది.

ఇందాకా అదే అయింది. మీ సెల్లార్లో తిరిగే ఆ నల్ల కుక్కపిల్ల, తెల్ల కాళ్ళది, దానికి కార్డు రాద్దామని పేరేంటండీ అంటే 102 వాళ్ళు బ్లాకీ అన్నారు, 304 మేడం గారు కన్నా అన్నారు, సెక్రటరీ గారేమో నల్లకుక్క కాలభైరవుడి వాహనం కాబట్టి భైరవ అని తీర్మానం కూడా చేశామన్నారు, మినిట్స్‌లో రాశారంట. వాచ్‌మన్ గారి పాప మాత్రం బూట్లు అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకో చివర్లో చెప్తాను. మొత్తానికి నాలుగు పేర్లు పెట్టి నలుగురూ పిలిస్తే ఆ కుక్కపిల్ల ఎవరి వైపూ చూడలేదు, నా చెప్పు కొరుక్కుంటూ కూర్చుంది. కార్డు ఇదిగో, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

అసలు పేరు పెట్టేది ఎందుకండీ? పిలవడానికి. ఇది చెప్పడానికి ముప్ఫయ్యేళ్ళు కావాలా అంటారేమో, కానీ నేను చూసినంతలో నూటికి తొంభై మంది పేరు రాసుకుని చూసి పెడతారు, ఫోన్లో ఫొటో కింద బాగుందా లేదా అని చూస్తారు, పిలిచి చూసేవాళ్ళు తక్కువ. ఒకసారి ఒకాయన లాబ్రడార్ పిల్లని తెచ్చి పేరు అలెగ్జాండర్ ది గ్రేట్ అని రాయమన్నాడు. గడి పట్టలేదండీ, పక్క గడిలోకి వెళ్ళింది. ఆరు నెలల తర్వాత బూస్టర్‌కి వచ్చినప్పుడు లోపల్నుంచి "అల్లూ, ఇలా దా" అని వినబడింది. అంతే, గ్రేటూ లేదు అలెగ్జాండరూ లేదు. పెడిగ్రీ కుక్కలకి కెన్నెల్ క్లబ్ కాగితాల మీద ఒక పొడుగు పేరుంటుంది, ఇంట్లో పిలిచే పేరు వేరే ఉంటుంది, మనకి బారసాల నాడు బియ్యంలో రాసిన పేరొకటి, బుజ్జిగాడు అన్నది ఒకటి ఉన్నట్టే. కాగితం మీద పేరు మీ ఇష్టం, ఎంత పొడుగైనా పెట్టుకోండి. నేను మాట్లాడేది ఆ రెండో పేరు గురించి.

ఆ అలెగ్జాండర్ సంగతే తీసుకోండి, అసలు అలెగ్జాండర్ తన గుర్రాన్ని ఏమని పిలిచాడు? బుకెఫలస్. వినడానికి ఎంత గంభీరంగా ఉంది, అర్థం మాత్రం గ్రీకులో ఎద్దు తల అని. ఎద్దుతల! ఆ గుర్రం చచ్చిపోతే మన జీలం నది దగ్గర దాని పేరుతో ఊరే కట్టించాడు. జపాన్‌లో రైల్వే స్టేషన్ దగ్గర చనిపోయిన యజమాని కోసం పదేళ్ళ దాకా ఎదురుచూసిన కుక్క కథ మీలో చాలామందికి తెలుసు, హచికో, టోక్యోలో షిబుయా స్టేషను, ప్రొఫెసరు గారు 1925లో పోయారు, కుక్క 1935లో పోయింది. హచి అంటే జపాన్ భాషలో ఎనిమిది. మనం కుక్కకి ఎనిమిది అని పేరు పెడతామా? 1957 నవంబర్ 3న రష్యావాళ్ళు రాకెట్లో పైకి పంపిన కుక్క లైకా ఉంది చూడండి, దాని మొదటి పేరు కుద్ర్యావ్కా, అంటే ఉంగరాల జుట్టుది అని. ఆ పేరు ఎంతమందికి తెలుసు? లైకా అంటే మొరిగేది అని, అంతే, కుక్క మొరుగుతుంది కాబట్టి మొరిగేది. పాపం వెనక్కి తీసుకొచ్చే ఏర్పాటే లేకుండా పంపారు దాన్ని, అది వేరే బాధ. కానీ ముద్దుగా పెట్టిన పేరు పోయి ఆ మొరిగేది అన్న పేరే ప్రపంచమంతా మిగిలింది.

నాకిది ఎప్పుడు తట్టిందంటే, చాలా ఏళ్ళ క్రితం ఒక ముసలమ్మ గారు క్యాంపుకి కుక్కని పాత చీర పీలికతో కట్టి తీసుకొచ్చింది. పేరేంటమ్మా అన్నాను. కుక్క అంది. కుక్కే గానీ పేరేంటమ్మా. "కుక్కే బాబూ, కుక్కా అంటే వత్తది." నేను నమ్మలేదు, పీలిక విప్పేసి పదడుగులు అవతలికెళ్ళి కుక్కా అంది చూడండి, అక్కడ పాతిక కుక్కలున్నాయండీ, ఒక్కటంటే ఒక్కటే లేచి వెళ్ళింది. కార్డు మీద కుక్క అనే రాశాను. డాక్టరు గారు చూసి జాతి గడిలో రాయాల్సింది పేరు గడిలో రాశావేంటయ్యా అని తిట్టారు కూడా.

మన పల్లెటూళ్ళో పశువులకి పెట్టేవి కూడా ఇలాంటివేగా. కర్రి అంటే నల్లది, బొల్లి అంటే మొహాన తెల్లమచ్చ ఉన్నది, మైల, పుల్ల, అన్నీ రంగులే. మా నాన్న ఎద్దులు రాముడు, లక్ష్మణుడు, ఊళ్ళో ఇంకో మూడు జతలకీ అవే పేర్లు, అయినా ఎవరి రాముడు వాళ్ళ దొడ్లోకే వచ్చేవాడు. అరుణాచలంలో రమణ మహర్షి ఆశ్రమంలో ఆవు పేరు లక్ష్మి, ఇంతకన్నా మామూలు పేరు ఆవుకి ఉంటుందా? ఆ లక్ష్మి 1948 జూన్ 18న పోతే అక్కడే సమాధి కట్టారు, ఇప్పటికీ వెళ్ళినవాళ్ళు దండం పెట్టుకుని వస్తారు. పేరు మామూలుదైతే గుర్తుండదు అని ఎవరైనా అంటే ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్ళండి.

సరే మరి ఏ పేరైనా పర్లేదా అంటే, పర్లేదు గానీ నోటితో అని చూడాలి. మన తెలుగులో ఒక సుఖం ఉందండీ, ఎవర్నైనా పిలిస్తే చివరి అచ్చు సాగదీస్తాం. రామూ, సీతా, ఒరేయ్ నానీ. ఆ సాగదీతే వీధి చివరిదాకా వెళ్తుంది. మ్యాక్స్ అని పెట్టుకున్నవాళ్ళు మేడమీంచి పిలవండి, మ్యాక్స్ అంటే గొంతు టక్కున కోసేసినట్టుంటుంది, నాలుగో రోజుకి మీకు తెలీకుండానే మ్యాక్సూ అయిపోతుంది. అయిపోనివ్వండి, అదే అసలు పేరు. రెండు అక్షరాలు, మహా అయితే మూడు, మొదట్లో క, ట, ప, బ లాంటి గట్టి అక్షరం, చివర్లో సాగే అచ్చు. టామీ, పప్పీ, బంటీ ఇన్నేళ్ళు నిలబడ్డాయంటే ఊరికే కాదు.

ఇంకోటి, మన కుక్కలన్నీ ఇంగ్లీష్ మీడియమే. ఇంట్లో తెలుగు తప్ప రాని బామ్మ గారు కూడా కుక్కతో సిట్, నో, కమ్ అంటారు. కాబట్టి పేరు ఆ మాటలకి దగ్గరగా ఉండకూడదు. బ్రూనో అని ఇక్కడే ముగ్గురున్నారు, ఏమనుకోకండి, కానీ బ్రూనో అన్నప్పుడల్లా సగం పేరు "నో" అని తిట్టినట్టేగా! పెట్టేసినవాళ్ళు మార్చక్కర్లేదు, "నో" బదులు "వద్దు" అనండి, సరిపోతుంది. మా వీధిలో ఒక ఆస్కార్ ఉండేవాడు, పిల్లలు కుదించి ఆస్కో ఆస్కో అని పిలిచేవాళ్ళు. పక్కింటి తాత గారికి చెవుడు, ఆయనకది ఉస్కో అని వినబడింది. కుక్కని నా మీదకి ఉసిగొల్పుతున్నారని గేటు దగ్గర కర్ర పట్టుకుని నించున్నాడండీ వారం రోజులు.

మనుషుల పేర్ల గొడవ నాదే చెప్తాను. మా ఇంట్లో కుక్కకి రాజు అని పెట్టాం. బాగానే ఉంది, నాలుగేళ్ళు. తర్వాత మేడమీద వాటాలోకి ఒక రాజు గారు అద్దెకి దిగారు, పెద్దమనిషి. మా ఆవిడ పొద్దున్నే వాకిట్లో నించుని "ఒరేయ్ రాజూ, ఆ మొక్కలో పొయ్యకురా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని అరుస్తోంది, మెట్ల మీద ఆయన పేపరు పట్టుకుని అలా ఆగిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు దాన్ని "ఇదిగో" అని పిలిచాం. కుక్క అయోమయపడింది, మేమూ పడ్డాం.

కోపం తీర్చుకోవడానికి పెట్టే పేర్లు ఇంకా ఘోరం. మా కుక్కకి నీ పేరు పెట్టుకుంటా అని సామెతలాగా అంటాం గానీ నిజంగా పెట్టినవాళ్ళని చూశాను. దాయాదుల గొడవ రెండేళ్ళలో సర్దుకుంది, కుక్క పన్నెండేళ్ళు బతికింది. పెళ్ళికి పిలవడానికి ఆ దాయాది ఇంటికొస్తే కుక్కని ఎక్కడ దాచాలో తెలియలేదంట. దేవుళ్ళ పేర్లు, రాజుల పేర్లు కూడా మీ ఇంటి గేటు లోపల మీ ఇష్టం గానీ కాస్త చూసుకోండి. 2024లో సిలిగురి సఫారీ పార్కులో సింహాల జత పేర్లు అక్బర్, సీత అని కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది, కోర్టువారు ఈ గొడవెందుకు, పేర్లు మార్చండి అన్నారు. ఆ సింహాలకి మాత్రం మాంసం టైముకి వచ్చిందా లేదా అన్నదే.

పిల్లులున్నవాళ్ళు మా సంగతేంటి అన్నట్టు చూస్తున్నారు. 2019లో జపాన్‌వాళ్ళు పరీక్ష చేసి చూశారు, పిల్లికి తన పేరు తెలుసు, మామూలు మాటల మధ్యలో పేరు వినబడితే చెవి తిప్పుతుంది, తల కదుపుతుంది. రావడం రాకపోవడం దాని ఇష్టం! అయితే బోలెడు పిల్లులుండే క్యాట్ కేఫేలో పిల్లులకి మాత్రం తన పేరుకీ పక్కదాని పేరుకీ తేడా తెలిసినట్టు కనబడలేదంట. అందుకని ఇంట్లో రెండు మూడు ఉంటే చింటూ, బంటూ, పింటూ అని ప్రాస కలపకండి, మనకే నోరు తిరగదు.

పేరు పెట్టాక ఒకటే పని. పేరు అనండి, చూసిందా, నోట్లో ఏదో ఒక ముక్క పెట్టండి. ఒక్కసారే అనాలి, పదిసార్లు జపం చెయ్యకూడదు. తిట్టేటప్పుడు పేరు వాడకండి, సూది వేయించడానికి పట్టుకొచ్చేటప్పుడు అస్సలు వాడకండి. పేరు వినగానే మంచం కిందకి దూరే కుక్కల్ని ఎన్నో చూశాను, వాటికి పేరంటే తిట్టు అని అర్థమైపోయింది. అలాంటి దాన్ని ఎవరైనా తెచ్చుకుంటే నిక్షేపంగా కొత్త పేరు పెట్టండి, వారం పది రోజుల్లో పట్టేసుకుంటుంది. అమెరికాలో ఛేజర్ అని ఒక బోర్డర్ కోలీ కుక్క వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుంది, ఒక ప్రొఫెసరు గారు మూడేళ్ళు కూర్చుని నేర్పారు. దానికి ఆ పేరెందుకంటే, కదిలేదేదైనా కనబడితే వెంటపడేది కాబట్టి.

ఇప్పుడు బూట్లు దగ్గరికి వద్దాం. తెల్ల కాళ్ళు కాబట్టి బూట్లు, కర్రి బొల్లి లాగే చూసి పెట్టిన పేరు. రెండు ముక్కలు, మొదట్లో బ, చివర్లో సాగుతుంది, బూట్లూ అని ఐదో ఫ్లోర్ నుంచి పిలవొచ్చు, ఈ అపార్ట్‌మెంట్‌లో ఆ పేరుతో ఎవరూ అద్దెకి దిగరు. నేనైతే ఇప్పుడే రాసేసేవాణ్ణి. కానీ మీ మినిట్స్‌లో భైరవ ఉంది, నాకెందుకు తగువు. కార్డు ఇదిగో, పెన్ను ఇదిగో. నలుగురూ నాలుగు స్తంభాల దగ్గర నించోండి, కుక్కపిల్లని మధ్యలో వదులుదాం, ఒక్కొక్కరు ఒక్కసారే పిలవాలి. 304 మేడం గారూ, ఆ చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పక్కన పెట్టాలండీ, అలా చప్పుడు చెయ్యకూడదు. ఆఁ, సెక్రటరీ గారూ, ముందు మీరే కానివ్వండి.