ముల్లు కదలని మీటరు

శ్రోతలకు నమస్కారం.

అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకొని రావులపాలెం దగ్గర పెద్ద రోడ్డెక్కే పాత పికప్ వ్యాన్లను, కడియం నర్సరీల నుంచి మొక్కలు మోసుకెళ్లే వాటిని, భీమవరం వైపు చెరువు గట్ల మీద మేత బస్తాలతో తిరిగే వాటిని మీరు చూసే ఉంటారు. అటువంటి బండిలో డ్రైవరు పక్కన ఎప్పుడైనా కూర్చుంటే ఒకసారి డాష్‌బోర్డు వైపు చూడండి. స్పీడోమీటరు ముల్లు సున్నా మీద పడుకొని ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. హారను మోగకపోతే ఆ పూటే బాగుచేయించే యజమాని, బ్రేకు కాస్త మెత్తబడితే బండి కదపనివ్వని యజమాని, ఈ ముల్లు దగ్గరికి వచ్చేసరికి "చప్పుడును బట్టి తెలిసిపోతుందిలెండి" అని ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. నేనూ అలా నెట్టుకొచ్చినవాడినే. అది ఎందుకు తప్పో, దాన్ని సరిచేసుకోవడం ఎంత తేలికో ఈ ప్రసంగంలో చెబుతాను.

చప్పుడు మనకు చెప్పేది ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందన్నదే గాని, బండి ఎంత వేగంగా పోతోందన్నది కాదు. గేరు మారితే, లోడు మారితే, అద్దం పైకెత్తితే, ఎదురుగాలి వీస్తే ఆ చప్పుడు మారిపోతుంది. పైగా గంటసేపు పెద్ద రోడ్డు మీద డెబ్బైలో వచ్చి కాలువ గట్టు రోడ్డుకు మళ్లినప్పుడు, యాభైలో పోతున్నా ముప్ఫైలో పోతున్నట్టే తోస్తుంది, ఎందుకంటే కన్నూ చెవీ అంతకు ముందున్న వేగానికి అలవాటుపడి ఉంటాయి. ఒకవైపు నిండు కాలువ, మరోవైపు పల్లపు చేను, మధ్యలో ఒక బండి మాత్రమే పట్టే దారి, వెనక కాయల లోడు మలుపు మలుపుకూ ఒరుగుతూ ఉంటే, ఆ ఇరవై కిలోమీటర్ల పొరపాటు చిన్నది కాదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 117వ నియమం స్పీడోమీటరు గురించే ఉంది. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చూపించుకోవలసిందే కాబట్టి, ఆ ముల్లును సరిచేసే పని ఎలాగూ ఒకనాడు మన మెడకు చుట్టుకుంటుంది. ఇక కిలోమీటర్ల అంకెలు ఆగిపోతే, ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలో, లీటరు డీజిలుకు ఎంత దూరం వచ్చిందో, కిరాయి ఎంత అడగాలో అన్నీ ఊహ మీద చేయవలసినవే అవుతాయి.

మీటరుకు తనంతట తానుగా బండి వేగం తెలియదు. తన వీపుకు తగిలించిన ఒక ఉక్కు తీగ ఎంత జోరుగా తిరుగుతోందన్నది మాత్రమే దానికి తెలుసు. గేరు బాక్సు వెనక కొసన, వెనక చక్రాలకు తిప్పుడు చేరవేసే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టును తిప్పే ఇరుసు మీద, స్క్రూ మీద ఉన్నట్టు మరలాంటి గాళ్లు ఉంటాయి. ఆ గాళ్లలో పళ్లు ఇరికించుకొని తిరిగే చిన్న చక్రాన్ని మన షెడ్లలో మీటరు పినియన్ అంటారు. పినియన్ నడుమ ఉన్న రంధ్రంలో తీగ కింది కొస కూర్చుంటుంది, పై కొస మీటరు వెనకనున్న చదరపు గుంటలో కూర్చుంటుంది. మీటరు లోపల ఆ తీగతో పాటు ఒక చిన్న అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని తాకకుండా దాని మీద బోర్లించినట్టు ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది, ముల్లు ఉండేది ఆ గిన్నెకే. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో సుడులుగా కరెంటు పుట్టి గిన్నెను కూడా అటే లాగుతుంది, వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుడులూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న ఈ పద్ధతే మన పాత బండ్లలో ఇప్పటికీ నడుస్తోంది. అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య ఉన్నది గాలి ఒక్కటే అని తెలిసిన తరువాత ఆ గుండ్రటి డబ్బా మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది.

కిలోమీటర్ల అంకెలు మాత్రం అలా కాదు. అవి అదే తీగ నుంచి పళ్లచక్రాల ద్వారా నేరుగా తిరుగుతాయి. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే. అంకెలు తిరుగుతూ ముల్లు కదలకపోతే తీగ, పినియన్ బాగానే ఉన్నాయి, తప్పు మీటరు లోపల ఉంది. ముల్లు కదులుతూ అంకెలు ఆగిపోయినా తప్పు మీటరులోనే, లోపలి చిన్న చక్రం ఏదో అరిగిందన్న మాట. రెండూ ఒకేసారి ఆగిపోతే మాత్రం ముందుగా మీటరును అనుమానించకూడదు, కిందికి చూడాలి.

ఈ చివరి మాట తెలియక నేను నష్టపోయాను. మా బండికి ముల్లూ అంకెలూ ఒకేసారి ఆగిపోయినప్పుడు, పట్నంలో ఒక షెడ్డువారు మీటరు పోయిందని చెప్పి పాతది తీసేసి వేరేది బిగించారు. ముల్లు కదలలేదు. తీగ కూడా పోయిందని చెప్పి కొత్త తీగ వేశారు. అప్పటికీ కదలలేదు. నెల తరువాత కొత్తపేట దగ్గర రోడ్డు పక్కన వేరే పని మీద ఆగినప్పుడు, అక్కడి పెద్ద మేస్త్రి బండి చూసి, "ఆయ్, మీటరు పోయిందని ఎవరు చెప్పారండీ మీకు? ముందు తీగ తిరుగుతుందో లేదో చూడాలి కదండీ" అన్నారు. మీటరు వెనక తీగ నట్టు విప్పి, కొసను బయటికి లాగి నా చేతికిచ్చి, "మీరు దీన్నే చూస్తూ ఉండండి, మా కుర్రాళ్లు బండి నెడతారు" అన్నారు. ఇద్దరు కుర్రాళ్లు బండిని నాలుగు బారల దూరం నెట్టారు. నా వేళ్ల మధ్య ఆ చదరపు కొస కదలనే లేదు. ఆయన బండి కిందికి దూరి, గేరు బాక్సు దగ్గర పినియన్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టారు. తెల్లటి నైలాను చక్రం, చిటికెన వేలి గోరంత పళ్లు, వాటిలో వరుసగా మూడు పళ్లు మొదలంటా లేవు. అంత చిన్న వస్తువు కోసం నేను ఒక మీటరూ ఒక తీగా కొన్నాను. అంతకంటే బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. తీసేసిన పాత మీటరులో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో ఆ షెడ్డులో ఎవరూ రాసిపెట్టలేదు, మీటరు కూడా నాకు తిరిగి ఇవ్వలేదు. మా బండి అసలు ఎంత తిరిగిందో చెప్పే సాక్ష్యం ఆ రోజుతో పోయింది.

కాబట్టి బండి నెట్టి చూడడం మొదటి పరీక్ష. నేల చదునుగా ఉండాలి, ఇంజను ఆపి ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, స్టీరింగు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టుకొని ఒక మనిషి కూర్చోవాలి. తీగ పై కొస తిరిగితే దోషం మీటరులో ఉంది. తిరగకపోతే తీగ తెగి అయినా ఉండాలి, పినియన్ అరిగి అయినా ఉండాలి. తీగను పైనుంచి లాగితే సగమే వచ్చిందంటే తెగినట్టు, మొత్తం వచ్చి రెండు కొసలూ చదరంగా ఉంటే పినియన్ చూడాలి. ఒక్కోసారి తీగ తెగదు గాని చదరపు కొస అరిగి గుండ్రబడి, రంధ్రంలో ఉత్తినే జారుతుంది. దాన్ని వెలుతురులో పట్టుకొని చూస్తే తెలుస్తుంది.

మన డెల్టాలో ఈ తీగకు శత్రువు నీరు. తీగ ఒక ఔటరు లోపల తిరుగుతుంది, ఆ ఔటరు స్ప్రింగులా చుట్టిన ఉక్కు, పైన ప్లాస్టిక్ తొడుగు. ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, అంచుకు ఒరుసుకున్న చోట ఆ తొడుగు చీలుతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలి, వానాకాలంలో గట్ల మీద బురద, రొయ్యల పెట్టెల నుంచి కారే మంచునీరు, అన్నీ ఆ చీలికలో నుంచే లోపలికి పోతాయి. తుప్పు పొడి పాత గ్రీజులో కలిసి ముద్దగా మారితే తీగ పట్టేసి తిరుగుతుంది. ముల్లు నలభైకీ అరవైకీ మధ్య కొట్టుకోవడం, డాష్‌బోర్డు వెనక కీచుమనే శబ్దం రావడం దాని ఆనవాళ్లు. ఆ దశలో చూసుకుంటే తీగ కొనవలసిన పని కూడా ఉండకపోవచ్చు.

ఇన్నరును, అంటే ఔటరు లోపల తిరిగే తీగను, మెల్లగా బయటికి లాగి, పాత పంచె గుడ్డను కిరసనాయిలులో తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు తుడవండి. ఆ తీగ ఒకటి కాదు, సన్నని ఉక్కు పోగులను ఒక పొర ఒక దిశలో, దాని మీద పొర ఎదురు దిశలో చుట్టి చేసినది. ఎక్కడైనా ఒక పోగు తెగి ముల్లులా లేచి ఉంటే గుడ్డ నూలు అక్కడ చిక్కుకుంటుంది, అటువంటి తీగ మార్చవలసిందే. చిక్కుకోకుండా వచ్చిందా, అప్పుడు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకొని, మధ్య భాగాన్ని ఉయ్యాలలా వేలాడదీసి, ఒక కొసను వేళ్లతో నెమ్మదిగా తిప్పండి. మంచి తీగ అయితే రెండో కొస కూడా అంతే నెమ్మదిగా తిరుగుతుంది. ఎక్కడైనా మెలిక పడి ఉంటే కాసేపు ఆగి, ఒక్కసారిగా తుళ్లి తిరుగుతుంది. నడిచే బండిలో మీటరు ముల్లు ఎగిరెగిరి పడేది సరిగ్గా ఆ తుళ్లింత వల్లనే. మెలిక పడిన తీగను సాగదీసి వాడాలని చూడకండి, అది మళ్లీ అక్కడే వంగుతుంది.

బాగున్న తీగకైనా కొత్త తీగకైనా గ్రీజు పలచగా, కింది మూడింట రెండు వంతుల భాగానికే పూయాలి. పై భాగం పొడిగా వదలాలి, ఎందుకంటే తిరిగే తీగ స్క్రూలా పనిచేసి గ్రీజును పైకి ఎక్కిస్తుంది. అది మీటరులోకి చేరితే అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య జిగురులా నిండి, ముల్లు చివరి అంకె దాకా పోయి అక్కడే నిలబడుతుంది. గేరు ఆయిలు కూడా ఇలాగే ఎక్కుతుంది. మీటరు అద్దం లోపలి వైపు నూనె మరక కనిపిస్తే పినియన్ దగ్గర ఆయిలు బయటికి రాకుండా ఆపే సీలు పోయిందని తెలుసుకోండి.

కొత్త తీగ కొనేటప్పుడు పాతది చేత పట్టుకొని వెళ్లండి. పొట్టిదైతే పినియన్ రంధ్రాన్ని అందుకోదు, పొడుగైతే మీటరు లోపలి ఇరుసును నెట్టి పాడుచేస్తుంది. తెగిన తీగ చదరపు కొసను వేలెడంత ముక్క కోసి దాచుకోవడం మరవకండి. దాన్ని మీటరు వెనక గుంటలో పెట్టి వేళ్లతో చురుగ్గా తిప్పితే ఒక దిశలో ముల్లు లేచి పడాలి. లేవకుండా గట్టిగా పట్టేసినట్టు ఉంటే, మొదటి తీగను తెంపింది ఆ మీటరే, కొత్త తీగనూ అదే తెంపుతుంది. అప్పుడు మీటరు రిపేరు తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లాలి. ఆ వెంట్రుక స్ప్రింగు దగ్గర మన స్క్రూడ్రైవరు పనికిరాదు.

బిగించేటప్పుడు ఔటరును ఎక్కడా గట్టిగా వంచకుండా, సైలెన్సరుకు తగలకుండా, ఛాసిస్ అంచు మీద రబ్బరు ముక్క పెట్టి నడిపించాలి. మీటరు వెనక నట్టు చేతి వేళ్లతో బిగిస్తే చాలు. పినియన్ మార్చేటట్టయితే పళ్లు లెక్కపెట్టి అన్నే పళ్లున్నది వేయాలి, ఎందుకంటే వెనక ఇరుసు నిష్పత్తినీ టైరు కొలతనూ బట్టి ఆ సంఖ్యను నిర్ణయిస్తారు. ఒక్క పన్ను తేడా వచ్చినా ముల్లు అబద్ధం చెబుతుంది. తీగ లేని కొత్త బండ్లలో గేరు బాక్సు మీద సెన్సారు ఉంటుంది, అక్కడ చూడవలసింది కనెక్టరులో పట్టిన పచ్చటి చిలుమునూ, ఎలుక కొరికిన వైర్లనూ.

మీటరు మార్చవలసి వస్తే, మార్చిన రోజు తేదీ, పాత మీటరు చూపిన కిలోమీటర్లు, కొత్త మీటరు మొదలైన అంకె, ఈ మూడూ బండి పుస్తకంలో రాయించి, పాత మీటరు అడిగి తెచ్చుకోండి. రేపు బండి అమ్మినప్పుడు కొనేవారికి మనం చూపించవలసిన లెక్క అది.

ఇక ముల్లు కదులుతోంది కదా అని వదిలేయకుండా, అది నిజం చెబుతోందో లేదో కూడా చూడాలి. తెల్లవారుజామున అమలాపురం నుంచి రాజోలు వైపు 216 జాతీయ రహదారి మీద ఖాళీ బండితో వెళ్లండి. పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్లు రెండు వరుసగా దొరికే చోటు చూసుకొని, ముల్లును నలభై మీద నిలకడగా ఉంచండి. పక్కన కూర్చున్న మనిషి గడియారం చూడాలి, డ్రైవరు కాదు. మొదటి రాయి నుంచి రెండో రాయికి తొంభై సెకన్లు పట్టాలి. అరవై మీద వెళ్తే అరవై సెకన్లు. అరవై చూపిస్తూ అరవై ఆరు సెకన్లు పడితే అసలు వేగం యాభై నాలుగున్నర, అంటే మీటరు కాస్త ఎక్కువ చూపుతోందన్న మాట, దాంతో భయం లేదు. అరవై చూపిస్తూ యాభై ఐదు సెకన్లకే రాయి వచ్చేసిందంటే మీరు అరవై ఐదులో పోతున్నారు. అప్పుడు ముందు టైర్లు చూడండి, అసలు కొలత కంటే పెద్దవి వేసి ఉంటే ముల్లు తక్కువ చూపుతుంది. టైర్లు సరైనవే అయితే పినియన్ పళ్లు మళ్లీ లెక్కపెట్టండి.

నమస్కారం.