ఫొటోలతో ఇంటర్వ్యూ: నంబర్లు, రికార్డింగ్, ఫైళ్లు

నమస్తే అండి. ఫొటో ఎలిసిటేషన్, అంటే ఫొటోలు ముందు పెట్టి మనుషుల చేత మాట్లాడించే ఇంటర్వ్యూ. దానికి ఫొటోలు ఎలా సిద్ధం చేసుకోవాలో చూద్దాం. పద్ధతి కొత్తదేం కాదు, జాన్ కోలియర్ 1957లోనే దీని మీద పేపర్ రాశారు. ఆ చర్చ వద్దు, నేరుగా పనిలోకి వెళ్దాం.

మూడు ఫోల్డర్లు. ఒరిజినల్, వర్కింగ్, షేరింగ్. షేరింగ్ అంటే అచ్చుకి బయటికిచ్చేవి. ఇదిగో. ఒరిజినల్‌ని రీడ్ ఓన్లీ చేసేయండి, ఇక ముట్టుకోవద్దు. వర్కింగ్‌లోకి కాపీ, అన్నీ సెలెక్ట్, రీనేమ్, 01 నుంచి... అయిపోయింది. గంట ఇంటర్వ్యూకి పది పన్నెండు ఫొటోలు చాలండి. ఎక్కువైతే ఒక్కోదానికి ఒక్క ముక్క చెప్పి తర్వాతదానికి వెళ్లిపోతారు. ప్రింట్ల మీద నంబరు వెనకాల కాదు, ముందువైపే, అంచు మీద. ఫోన్‌లో చూపించడం కన్నా ప్రింట్లే నాకిష్టం. బల్ల మీద పరిస్తే వాళ్లే వరస మారుస్తారు, పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఆ వరస కూడా డేటానే, చివర్లో దాన్ని పైనుంచి ఒక ఫొటో తీసుకోండి.

ఇప్పుడు ఇక్కడ ఆగండి. రికార్డర్ ఆన్‌లో ఉంది. మీరు ఇంటర్వ్యూ చేస్తున్నాయన ఒక ఫొటో మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడుండేది, ఇది తీసేశాక వీళ్లు ఇటు రావడం మానేశారు" అన్నారు. ఎంత విలువైన మాట! తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్, అంటే రికార్డింగ్ విని రాసుకున్న కాపీ, తెరిస్తే ఇక్కడంటే ఎక్కడో, వీళ్లంటే ఎవరో తెలీదు. ఆడియోకి వేలు కనపడదు కదా. అందుకే ప్రతిసారీ, ప్రతిసారీ అండి, నంబరు పైకి అనాలి. "ఏడో ఫొటోలో, కుడివైపు గేటు పక్కన, అదేనా?" అని అడగండి. అవునంటారు, మాట సాగిపోతుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో బ్రాకెట్ పెట్టి ఫొటో 7, కుడి. ముందు చూసేసిన ఫొటోని మళ్లీ చేతిలోకి తీసుకుంటారు చూడండి, అప్పుడు కూడా అనాలి. మర్చిపోయేది అక్కడే. వీడియో తీస్తే సరిపోదా అంటారా? తీయొచ్చు, దానికి వేరే అనుమతి కావాలి, పైగా కెమెరా చూస్తే కొందరు బిగుసుకుపోతారు.

ఇక షేరింగ్ ఫోల్డర్. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో, ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ ఉండొచ్చు, అంటే ఆ మనిషి ఇల్లు దొరికిపోతుంది. ఎగ్జిఫ్‌టూల్ అని, ఫొటో ఫైల్లో దాగిన ఇలాంటి వివరాలు తీసేసే ప్రోగ్రాం, దాంతో తీసేస్తున్నాను, కమాండ్ తెర మీద ఉంది. ఎంటర్. అయిందనుకోకండి. అది పాత ఫైల్‌ని పేరు చివర ఒరిజినల్ అని తగిలించి అదే ఫోల్డర్‌లో ఉంచుతుంది, జీపీఎస్‌తో సహా. షేరింగ్‌లో మిగిలిన ఆ పాత ఫైళ్లు డిలీట్ చేశాకే జిప్ చేయండి.

ముఖాలకి పల్చటి బ్లర్ వద్దు, నిండు రంగు డబ్బా పెట్టండి. బండి నంబరు, గోడ మీద పేరు, అవీ చూసుకోండి. వర్డ్‌లో క్రాప్ చేస్తే కత్తిరించిన ముక్క ఫైల్లోనే దాక్కుని ఉంటుంది. కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి డిలీట్ క్రాప్డ్ ఏరియాస్ టిక్ చేయాలి. నేనైతే ఇమేజ్ ఎడిటర్‌లోనే కత్తిరించి తెస్తాను.

చివరిది, అనుమతుల షీటు. మూడు కాలమ్స్: తీయడానికి, వేరేవాళ్లకి చూపించడానికి, అచ్చు వేయడానికి. మూడూ విడివిడిగా అడగండి, ఒకదానికి ఒప్పుకుంటే మిగతా రెంటికీ ఒప్పుకున్నట్టు కాదు. మూడో కాలమ్‌లో టిక్ లేని ఫొటో షేరింగ్‌లోకి రాకూడదు. ఇలా ఫిల్టర్ పెట్టి సరిచూసుకోండి.