మసిని కాల్చే మంట

అందరికీ నమస్కారం.

బీఎస్-6 పొగ నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ కారున్నవాళ్లలో కొందరికైనా ఇది అనుభవమే. రోజూ ఊళ్లోనే తిప్పుతుంటారు. ఓ రోజు డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. మెకానిక్‌ దగ్గరికెళ్తే, "హైవే మీద అరగంట ఆపకుండా తోలండి సార్, అదే పోతుంది" అంటాడు. తప్పించుకుంటున్నాడు అనిపిస్తుంది గానీ, అతను చెప్పింది అచ్చమైన కెమిస్ట్రీ.

పొగ దారిలో తేనెపట్టు లాంటి పింగాణీ ఫిల్టర్ ఉంటుంది. ఒక గొట్టానికి ఈ చివర బిరడా, పక్కదానికి ఆ చివర. పొగ గోడల్లోంచి దూరి పోవాల్సిందే. మసి అక్కడే ఆగిపోతుంది. అది నిండిపోతే వెలిగేదే ఆ లైటు. పట్టుకోవడం తేలికే. పట్టిన మసి కాలాలంటే మాత్రం 550, 600 డిగ్రీలు కావాలి. హైవే మీద ఆపకుండా తోలమనేది పొగ వేడెక్కాలనే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకే బండి పొగ 200 దాటడమే కష్టం.

అందుకే ప్లాటినం పెడతారు. అది పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌ని నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఈ వాయువు 300 డిగ్రీల లోపే మసిని కాల్చడం మొదలుపెడుతుంది. సీరియం ఆక్సైడ్ ఇంకో దారి: తన ఆక్సిజన్ మసికిచ్చి, గాలిలోంచి మళ్లీ తెచ్చుకుంటుంది. సీరియం ఉండే మోనజైట్ అనే ఖనిజం మన భీమిలి వైపు ఇసుకలోనూ ఉంది. అయితే ల్యాబులో ఓ చిన్న మాయ జరుగుతుంది. మసినీ సీరియం ఆక్సైడ్‌నీ కల్వంలో నూరితే ఫలితం అదిరిపోతుంది. అదే గరిటెతో ఊరికే కలిపి చూడండి, కాలడానికి ఇంకా చాలా వేడి కావాలి. పొడికి పొడి తాకితేనే పని. ఫిల్టర్‌లో నూరేవాళ్లెవరు?

ప్లాస్మా, అంటే కరెంటుతో ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు, దాని ఉపయోగం ఇక్కడే. ఈ గాజు గొట్టం చూడండి. లైట్లు ఆర్పండి బాబూ... ఆ ఊదారంగు వెలుగే ప్లాస్మా. లోపల ఒక తీగ, బయట రేకు, మధ్యలో కొన్ని వేల వోల్టులు. ఎలక్ట్రాన్లు మాత్రమే రెచ్చిపోతాయి, గాలి పెద్దగా వేడెక్కదు. ముందు వరసవాళ్లకి జిరాక్స్ షాపు వాసన తగులుతోందా? అది ఓజోన్. పొగలో అయితే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. రెండూ వాయువులే కాబట్టి మసి ఎక్కడున్నా వెళ్లి తాకుతాయి.

మరి కరెంటో? అదీ డీజిల్ కాల్చి తియ్యాల్సిందే. మిగిలిపోయిన ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకి హాని కాబట్టి వెనకాల మళ్లీ క్యాటలిస్ట్ (ప్లాటినంలా తాను ఖర్చవకుండా రసాయన చర్యని నడిపించే పదార్థం) ఉండాలి. నన్నడిగితే, ప్లాస్మాని రోజంతా వెలిగించక్కర్లేదు. స్టార్ట్ చేశాక ప్లాటినం వేడెక్కేదాకా ఆ కొద్ది నిమిషాలు ఆన్‌లో ఉంచి, తర్వాత కట్టెయ్యొచ్చు.