గ్యాస్ గీజర్ టకటకమంటుంది, మంట రాదు

శ్రోతలకు నమస్కారం. వేసవంతా వాడకుండా ఉన్న గ్యాస్ గీజర్లు సరిగ్గా చలి ముదిరే వేళకే మొరాయిస్తాయి. కుళాయి తిప్పితే టకటకమంటుంది గానీ మంట రాదు. లేదా వచ్చినట్టే వచ్చి ఆరిపోతుంది. మెకానిక్‌ను పిలిచే ముందు కాస్త చెవిపెట్టి వినండి. లోపం ఎక్కడుందో సగం ఆ చప్పుడే చెబుతుంది.

కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి లోపల ఒక రబ్బరు పొర ఉబ్బి చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. అప్పుడు రెండు బ్యాటరీల కరెంటుతో స్పార్క్ మొదలై గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. బర్నర్ దగ్గర ఉండే ఒక సన్నని లోహపు పుల్ల మంటను కనిపెడుతుంది. కొన్ని సెకన్లలో దానికి మంట తగలకపోతే వాల్వు మూసుకుపోతుంది.

అసలు చప్పుడే లేదా? ముందు అడుగునున్న బ్యాటరీల డబ్బా తెరవండి. పాత టార్చిలైట్లలో వేసే పెద్ద సైజువి, ఒక్కోటి 1.5 వోల్టులవి ఉంటాయి. బాత్రూం తేమకు వాటి స్ప్రింగుల మీద చిలుము పట్టి ఉంటుంది. దాన్ని గీకేసి, ఆల్కలైన్ బ్యాటరీలు రెండూ ఒకేసారి కొత్తవి వేయండి. పాతదానికి కొత్తది జత చేస్తే కొత్తదీ త్వరగా పోతుంది. అయినా చప్పుడు లేకపోతే చూడాల్సింది నీళ్ల ఒత్తిడి. నీళ్ల పైపు గీజర్‌కు కలిసేచోట చిన్న జల్లెడ ఉంటుంది. బోరునీళ్ల ఇసుక, ఉప్పు చేరి అది మూసుకుపోతుంది. విప్పి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి.

టకటక వస్తున్నా మంట రాకపోతే ముందు సిలిండర్, రెగ్యులేటర్ చూసుకోండి. సిలిండర్ మార్చిన వెంటనే అయితే పైపులో గాలి ఉంటుంది, నాలుగైదుసార్లు తిప్పితే పోతుంది. అదీ కాదంటే మూత తీయాలి. రెగ్యులేటర్ కట్టేసి, బ్యాటరీలు తీసేసి, గీజర్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. స్పార్క్ పుట్టించే పుల్ల కొనకూ బర్నర్‌కూ మధ్య మామూలుగా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. మసి పట్టినా, పుల్ల వంగి ఎడం పెరిగినా గ్యాస్ అంటుకోదు. పుల్ల చుట్టూ ఉన్న తెల్ల పింగాణీని వెలుతురులో పెట్టి చూడండి. వెంట్రుకంత చీలిక ఉన్నా స్పార్క్ దారిలోనే గీజర్ బాడీకి దూకేస్తుంది. చప్పుడు మాత్రం ఎప్పటిలాగే వినిపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. జిగురు పెట్టి లాభం లేదు, పుల్ల మార్చాల్సిందే.

వెలిగి, కొన్ని సెకన్లకే ఆరిపోతుంటే మంటను కనిపెట్టే పుల్ల మీదే మొదటి అనుమానం. మంటలోంచి అతి సన్నని కరెంటు పారుతుంది, మంట ఉందని గీజర్‌కు తెలిసేది దానివల్లే. పుల్లకు మసి పొర పడితే ఆ కరెంటు అందదు. సన్నరకం ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది పొడిగుడ్డతో తుడవండి. నూనె, గ్రీజు తగలనివ్వకండి.

ఇక మంట రంగు. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు నాలుకలు లేస్తున్నాయంటే గ్యాస్‌తో కలవాల్సిన గాలి చాలడం లేదు. బర్నర్ గొట్టాల మూతుల్లో దుమ్ము చేరుతుంది, సాలెపురుగులు గూళ్లు కడతాయి. మెత్తటి బ్రష్‌తో దులపండి. గ్యాస్ చిమ్మే ఇత్తడి జెట్ల జోలికి మాత్రం పిన్నీసుతో వెళ్లకండి. వాటి రంధ్రం పిసరంత పెద్దదైనా గ్యాస్ ఎక్కువై మసి ఇంకా పెరుగుతుంది. ఆ పని మెకానిక్‌దే.

పసుపు మంటను అశ్రద్ధ చేస్తే దాని మసి పైనున్న రాగి రేకుల సందుల్లో పేరుకుంటుంది. పొగ పైకి పోలేక వెనక్కి తంతుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం మొదలయ్యేసరికే కాళ్లలో సత్తువ పోయి తలుపు గడియ తీయలేని స్థితి రావచ్చు. అందుకే గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడేచోట బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తీసుకోవాలి. ఏటా చలికాలానికి ముందు మెకానిక్‌తో ఆ రేకులు విప్పించి, సబ్బునీళ్లతో కడిగించి, పూర్తిగా ఆరాకే బిగించమనండి.

అన్నీ బిగించాక, వెలిగించకముందే గ్యాస్ తెరిచి, ప్రతి జాయింటుకూ సబ్బునురగ రాయండి. బుడగ లేచిందంటే లీకే. అగ్గిపుల్లతో ఎప్పుడూ పరీక్షించకండి. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చి, గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.