నైట్రో కారు కొంటున్నారా? ముందు ఈ సంచి చూడండి

నమస్తే అండి. టేబుల్ మీద ఉన్నది నా 1/8 స్కేల్ నైట్రో బగ్గీ, అంటే అసలు బండిలో ఎనిమిదో వంతు సైజులో, ఫ్యూయల్ ఇంజిన్‌తో పరిగెత్తే రిమోట్ కంట్రోల్ కారు. ఈరోజు రివ్యూ మాత్రం దాని పక్కనున్న ఈ పనిముట్ల సంచి గురించి. కొత్తవాళ్ళు డబ్బంతా బండి మీదే పెట్టేసి, ట్రాక్ దగ్గర ఇంజిన్ స్టార్ట్ కాక మధ్యాహ్నానికే ఇంటికి వెళ్ళిపోవడం చాలాసార్లు చూశాను. పాపం, బండిలో ఏ లోపమూ ఉండదు. నా మాట వింటే ఒక మెట్టు తక్కువ బండి కొనండి, మిగిలిన డబ్బు సంచికి పెట్టండి.

మొదట ఇది, గ్లో ఇగ్నైటర్. నైట్రో ఇంజిన్‌కి బైకులో లాగా స్పార్క్ ఉండదు. దాని బదులు ఉండే గ్లో ప్లగ్ లోపల సన్నటి ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఇగ్నైటర్ దాన్ని ఎర్రగా కాలుస్తుంది. ఇంజిన్ అందుకున్నాక ఫ్యూయల్‌లోని మిథనాల్ ఆవిరి ఆ ప్లాటినానికి తగులుతూ వేడి నిలుపుతుంది, ఇక ఇగ్నైటర్ తీసేయొచ్చు. ఇందులో ఉండేది 1.2 వోల్టుల సెల్ ఒక్కటే. దగ్గరగా చూడండి, ప్లగ్ బయటకు తీసి పెడుతున్నాను... తీగ నారింజ రంగులో భగ్గుమంది కదా, ఇలా ఉండాలి. ఇప్పుడు ఛార్జ్ దిగిపోయిన ఈ రెండోది పెడతాను... ఆరిపోబోయే అగరొత్తి కొసలా ఉంది. దీనితో ఎంత తిప్పినా ఇంజిన్ పట్టుకోదు. అందుకే మీటర్ ఉన్న ఇగ్నైటర్ కొనండి, ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టుకోండి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నా మొదటి బండి పుల్ స్టార్ట్. ఇగ్నైటర్ డౌన్ అయిందని తెలియక తాడు లాగుతూనే ఉన్నాను. లాగిన ప్రతిసారీ ఫ్యూయల్ లోపలికి చేరి, సిలిండర్ నిండి, తాడు బిగుసుకుంది. ఇంకా గట్టిగా లాగాను, తెగింది. తాడు బిగుసుకుంటే అక్కడితో ఆగండి. ప్లగ్ తీసి, రంధ్రం మీద గుడ్డ వేసి తిప్పితే ఫ్యూయలంతా బయటకు వచ్చేస్తుంది. దానికే ఈ 8 ఎంఎం ప్లగ్ రెంచ్, రెండు మూడు స్పేర్ ప్లగ్గులు. కొనేటప్పుడు మీ ఇంజిన్‌ది స్టాండర్డ్ ప్లగ్గా, టర్బో ప్లగ్గా చూసుకోండి, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు.

పెద్ద బగ్గీలకు తాడు బదులు ఈ స్టార్టర్ బాక్స్, బండిని పైన పెడితే మోటారుతో ఇంజిన్‌ని తిప్పే పెట్టె. చిన్న కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ బ్యాటరీయే చాలావాటికి సరిపోతుంది.

హెక్స్ డ్రైవర్లు 1.5, 2, 2.5, 3 ఎంఎం. బండితో ఉచితంగా వచ్చే ఎల్ కీలు పక్కన పెట్టేయండి. మెత్తటి కీ ఒక్కసారి జారితే స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది, తర్వాత డ్రిల్ చేసి తీయాల్సిందే. హుడీ, ఎంఐపీ లాంటి కంపెనీల డ్రైవర్లు ఖరీదే, కానీ ఏళ్ళు వస్తాయి. అన్నీ ఒకేసారి కొనలేకపోతే 2, 2.5 మంచివి తీసుకోండి. ఇంజిన్ వణుకుడికి స్క్రూలు ఊడిపోతాయి కాబట్టి లోహంలోకి లోహపు స్క్రూ బిగించే ప్రతిచోటా నీలం థ్రెడ్‌లాక్, అంటే స్క్రూ ఊడకుండా పట్టే జిగురు, ఒక చుక్క.

టెంపరేచర్ గన్ గురించి రోజూ అడుగుతున్నారు. కొనండి, హెడ్ మీద, అంటే ఇంజిన్ పైభాగం మీద 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపిస్తే టెన్షన్ లేదు. గన్ లేనప్పుడు దోసె పెనం గుర్తు తెచ్చుకోండి. హెడ్ మీద ఒక నీటి చుక్క వేస్తే మూడు నాలుగు సెకన్లు చిటపటలాడి ఆరిపోవాలి. వేసీ వేయగానే ఎగిరిపోతే ఇంజిన్ బాగా కాలిపోతోందని అర్థం. అయితే నంబర్ ఒక్కటే నమ్మకండి, పొగ చూడండి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వెనకాల సన్నటి పొగ గీత కనిపించాలి. పొగ ఆగిపోయిందంటే ఫ్యూయల్ తక్కువై బండి లీన్‌గా నడుస్తోంది, ఫ్యూయల్‌తో పాటే వచ్చే నూనె కూడా తగ్గిపోయింది. కార్బురేటర్ మీద ఫ్యూయల్‌ని సర్దే స్క్రూ ఉంటుంది, దాన్నే నీడిల్ అంటాం, దాన్ని ఎడమకు కొంచెం తిప్పండి.

మన దగ్గర ఇంకో సంగతి. ఎండలో మధ్యాహ్నం ట్యూన్ చేసిన నీడిల్‌ని డిసెంబరు చలి పొద్దున అలాగే వాడకండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, లోపలికి గాలి ఎక్కువ వెళ్తుంది, ఫ్యూయల్ మాత్రం అంతే. బండి దానంతటదే లీన్ అయిపోతుంది.

ఇక ఫ్యూయల్. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ద్రవం ఇది. కల్తీ సారా తాగి చూపు పోయిందని పేపర్లో చదువుతామే, ఆ మిథనాలే ఇది. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పిల్లలకు అందనివ్వకండి. దీని మంట ఎండలో దాదాపు కంటికి కనపడదు, కాబట్టి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే ఉండాలి. అమెరికా నుంచి వచ్చే బంధువులను తెమ్మని అడగకండి. విమానంలో చెక్ ఇన్ బ్యాగులోనూ, చేతి బ్యాగులోనూ ఇది నిషేధం.

బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ బ్యాటరీ నిండుగా ఉందో లేదో ప్రతి రన్‌కీ చూడండి. ఫెయిల్‌సేఫ్‌ని బ్రేక్ మీద సెట్ చేయండి, సిగ్నల్ పోతే బండి జనం మీదకు దూసుకెళ్ళకూడదు.

చివరగా ఈ చిన్న సీసా, ఆఫ్టర్ రన్ ఆయిల్. మిథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, వైజాగ్, కాకినాడ లాంటి చోట బేరింగులకు తుప్పు త్వరగా పడుతుంది. ట్యాంక్ ఖాళీ చేశాను, మిగిలింది అయిపోయేదాకా ఇంజిన్ నడిపాను. ప్లగ్ తీసి రెండు చుక్కలు... కార్బురేటర్లో రెండు చుక్కలు... చేత్తో నాలుగుసార్లు తిప్పాను. ఫ్లైవీల్ మీద, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే ఈ చక్రం మీద నేను పెట్టుకున్న ఈ తెల్ల చుక్క చూడండి. అది పైకి వస్తే పిస్టన్ అడుగున ఉన్నట్టు. సిలిండర్ పైభాగం ఇరుకు, పిస్టన్ అక్కడే ఉండి చల్లారితే బిగుసుకుపోతుంది. ఇదిగో, చుక్క పైకి వచ్చింది. ఇప్పుడు మూత వేస్తున్నాను.