ఆదివారం మటన్ శుక్రవారం దాకా నిలవ ఉంటుందా?

అందరికీ నమస్కారం. ముందు వరసలో జిమ్ముకెళ్లే కుర్రాళ్లు కనిపిస్తున్నారు, వెనక కుర్చీల్లో బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లున్నారు. ప్రొటీన్ ఎంత తినాలనేగా మీ అందరి ప్రశ్న? చెప్తాను గానీ, తిన్నది ఎటు పోతుందో ముందు చూద్దాం.

ఉడికించిన గుడ్డు ఒకటి తీసుకోండి, దాంట్లో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు, అదీ ఉండచుట్టుకుపోయిన గొలుసు. నోట్లో నమలడం తప్ప దానికేమీ జరగదు. కడుపులో ఆమ్లం ఆ చిక్కు విప్పుతుంది, పెప్సిన్ అనే అరిగించే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. నిజానికి చిక్కు విప్పే పని చాలావరకు పొయ్యి మీదే అయిపోయింది. పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకుని తాగేవాళ్లకో మాట: అందులో ప్రొటీన్ సగమే ఒంటబడుతుందని కొలిచి చూశారు, ఉడికిస్తే తొంభై శాతం దాకా ఒంటబడుతుంది. మరి ముక్కు మూసుకుని తాగడం ఎందుకు చెప్పండి?

అసలు కోత చిన్నపేగులో. అక్కడికి ట్రిప్సిన్ అనే ఇంకో ఎంజైమ్‌ని పంపేది పాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి, కానీ తాళం వేసి పంపుతుంది, లేకపోతే అది పాంక్రియాస్‌నే అరిగించేస్తుంది. తాళంచెవి పేగు గోడ దగ్గరుంటుంది, దాని పేరు ఎంటెరోకైనేజ్. ఆ తాళం దారిలోనే ఊడితే వచ్చేదే పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ వాపు, ఆ నొప్పి చూసినవాళ్లు మర్చిపోలేరు.

ముక్కలై రక్తంలోకి చేరిన అమైనో ఆమ్లాలు నేరుగా లివర్‌కి వెళ్తాయి. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. అన్నం ఎక్కువైతే కొవ్వుగా దాచుకుంటాం, నూనె ఎక్కువైనా అంతే, కానీ అమైనో ఆమ్లాలకు గోడౌన్ లేదు. కండ గోడౌన్ కాదండీ, అది పనిచేసే యంత్రం, ఉపవాసం ఉంటే దాన్నే విప్పి వాడుకోవాల్సి వస్తుంది. ఒంట్లో రోజూ 250 నుంచి 300 గ్రాముల ప్రొటీన్ విరిగి మళ్లీ తయారవుతుంటుంది, అందులో ఎక్కువ భాగం పాతదే తిరిగి వాడుకోవడం.

మరి వాడుకోగా మిగిలిన అమైనో ఆమ్లాల్ని లివర్ ఏం చేస్తుంది? ముందు నైట్రోజన్ ఊడదీస్తుంది. రక్తపరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ అని ఉంటుంది చూడండి, అది కాస్త ఎక్కువుంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్, అది ఈ పనిచేసే ఎంజైమే: ఒక అమైనో ఆమ్లం నుంచి నైట్రోజన్ గుంపును తీసి ఇంకోదానికి తగిలిస్తుంది, అందుకు బీ6 విటమిన్ తోడు కావాలి. లివర్ కణాలు దెబ్బతింటే బయటికి కారి రక్తంలో కనిపిస్తుంది, అంతే. చివరికి ఆ నైట్రోజన్ అమ్మోనియాగా తేలుతుంది. అది మెదడుకు విషం, అందుకని లివర్ దాన్ని యూరియాగా మార్చి కిడ్నీలకు అప్పగిస్తుంది. అమ్మోనియా యూరియాగా మారే ఈ చక్రాన్ని 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మరుసటి ఏడే నాజీలు క్రెబ్స్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు, అది వేరే కథ. మీ పొలంలో చల్లే యూరియా, మీ మూత్రంలో పోయే యూరియా, రెండూ ఒకటే పదార్థం. నైట్రోజన్ పోగా మిగిలిన కార్బన్ భాగం శక్తికో, గ్లూకోజ్‌కో, కొవ్వుకో వెళ్తుంది.

ఇక మీ ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకి 0.83 గ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, అంటే అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, కందిపప్పులో మెథియోనిన్ అనేది తక్కువ, పప్పన్నంలో ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. కాకపోతే పప్పు పప్పులా ఉండాలి, గరిటె ముంచితే అడుగు కనిపించే నీళ్లు కాదు.

ఆదివారం అరకిలో మటన్ ఒక్కరే లాగించి, సోమవారం నుంచి ఆవకాయన్నంతో సరిపెట్టేస్తే లెక్క తేలదు. ఆ పూటకు వాడుకోగా మిగిలింది మంగళవారానికే యూరియాగా వెళ్లిపోయి ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఈ లెక్క నన్నడక్కండి, మీ డాక్టర్ని అడగండి. మిగతావాళ్ల ప్రశ్నలు ఇప్పుడు తీసుకుంటాను, ముందు వెనక కుర్చీలవాళ్లవి.